నత్త చెప్పిన సాక్ష్యం

ఆలస్యంగా సాగే పనిని 'నత్తనడక' అని పరిహసించడం మన భాషలో వాడుక. తెలుగు బోధించే మేము కూడ ఈ జాతీయాన్ని తరగతి గదిలో ఎన్నోమార్లు ప్రయోగించాము. అయితే నత్తకు గల ఆ మందగమనమే ఒక సందర్భంలో సముద్రానికి మేలు చేసిందని తెలిసిన తర్వాత ఆ మాటను అంత తేలికగా వాడలేకపోతున్నాము. ఆ వృత్తాంతాన్ని విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నీటిలో నిలిచిన ఓడ అడుగుభాగానికి నాచు, బార్నకిల్ అనే పెంకుజీవులు అంటుకొని పెరుగుతాయి. అందువల్ల ఓడ వేగం తగ్గుతుంది. ఇంధనం అధికంగా ఖర్చవుతుంది. పూర్వం బ్రిటిష్ నౌకాదళం వారు ఓడల అడుగున రాగిరేకులు తాపడం చేసి ఈ బాధను నివారించుకొనేవారు. 1960వ దశకంలో ట్రైబ్యుటైల్ టిన్ అనే తగరపు రసాయనం కలిపిన రంగులు వాడుకలోకి వచ్చాయి. రంగుపొర నుండి విషం కొద్దికొద్దిగా ఊరుతూ, అంటుకొనవచ్చిన జీవిని చంపుతుంది. ఓడల యజమానులకు ఇంతకంటె సౌకర్యమేమున్నది? కాని ఊరిన విషం ఓడ వద్దనే ఆగిపోదు గదా!

ఇంగ్లండు నైరుతి తీరాన ప్లిమత్ రేవు కలదు. అక్కడి రాళ్లపై డాగ్ వెల్క్ అనే చిన్న నత్త నివసిస్తుంది. బార్నకిల్‌లే దీని ఆహారం. అనగా ఓడవారి శత్రువుకు ఇదీ శత్రువే. 1970లో స్టీఫెన్ బ్లేబర్ అనే పరిశోధకుడు అక్కడి ఆడనత్తలలో ఒక వింతను ప్రకటించాడు. వాటికి పురుష జననేంద్రియం వంటి అవయవం మొలుస్తున్నది. మరుసటి సంవత్సరమే అమెరికా తీరాన వేరొక జాతి నత్తలో ఇట్టి మార్పును వర్ణించిన స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు దానికి 'ఇంపోసెక్స్' అని పేరు పెట్టాడు. పేరు వచ్చింది గాని కారణం తెలియలేదు. 1981లో ఆయనే తగరపు రంగులను కారణంగా చూపాడు. 1986లో ప్లిమత్ శాస్త్రజ్ఞులైన బ్రయన్, గిబ్స్, వారి సహచరులు దీనిని ధ్రువపరచారు. శుభ్రమైన తీరం నుండి తెచ్చి కలుషిత జలాలలో ఉంచిన ఆడనత్తలకు కూడ ఈ వికారమే కలిగింది.

వికారం ముదిరితే గుడ్లు వెలువడే మార్గం మూసుకొనిపోతుంది. గుడ్లకోశాలు లోపలనే పేరుకొని ఆడనత్త మరణిస్తుంది. ఇంతటి అనర్థానికి విషం ఎంత కావాలి? లీటరు నీటిలో ఒక నానోగ్రాము, అనగా వందకోట్ల లీటర్లకు ఒక్క గ్రాము ఉన్నా మార్పు ఆరంభమవుతుంది.

మరి చేపను గాక నత్తనే సాక్షిగా ఎంచుకొనడం ఎందుకు? చేప ఈదిపోతుంది. నీరు ఆటుపోట్లతో మారిపోతుంది. నత్త మాత్రం చోటు విడువదు. డాగ్ వెల్క్ పిల్లలకు నీటిలో కొట్టుకొనిపోయే దశ కూడ లేదు. రాతికి అంటిన కోశం నుండి నేరుగా చిన్ని నత్తలై పాకుతూ వస్తాయి. కనుక దాని దేహంలో కనిపించేది ఆ చోటి నీటి చరిత్రయే. వికారపు తీవ్రతను బట్టి విషపు తీవ్రతను అంచనా కట్టవచ్చును. అయితే ఆ స్థిరత్వమే దాని దౌర్బల్యం కూడ. ఒక తీరాన నత్తలు నశిస్తే పొరుగు తీరం నుండి వచ్చి చేరడానికి ఏండ్లు పడుతుంది.

ఇక మానవుల నడక చూతము. ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతిన్న పిమ్మట ఫ్రాన్సు 1982లో 25 మీటర్లలోపు పడవలకు ఈ రంగులను నిషేధించింది. 1987లో బ్రిటన్ అదే మార్గం పట్టింది. పెద్ద ఓడలకు కూడ వర్తించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008 సెప్టెంబరు 17న అమలులోకి వచ్చింది. నత్త సాక్ష్యం 1970లోనే కనబడగా, లోకం తీర్పు చెప్పడానికి 38 ఏండ్లు పట్టింది. ఇందులో నత్తనడక ఎవరిది?

నిషేధం తర్వాత బ్రిటిష్ తీరాన అనేకచోట్ల నత్తలు తిరిగి కోలుకొన్నవి. ఇది సంతోషకరమే. కాని రేవుల అడుగుబురదలో పాత విషం ఇంకను మిగిలియున్నది. ఓడరంగులలో వాడిన సైబ్యుట్రిన్ అనే మరొక రసాయనాన్ని 2023లో నిషేధించవలసి వచ్చింది. కొత్త సౌకర్యం వచ్చినప్పుడెల్ల దాని మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారో అడగడం విద్యావంతుల ధర్మం. విహారయాత్రలో విశాఖ తీరానికి వెళ్లే మా విద్యార్థులు రేవులోని ఓడలను చూచి ఆనందింతురుగాక! ఒక్క నిమిషం వంగి, రాతిపై నత్తను కూడ చూడవలెనని మా కోరిక. మాటరాని సాక్షులు చెప్పేది చూడగలిగినవారికే బోధపడుతుంది.