మెడ శోషరస గ్రంథులు

మెడ శోషరస గ్రంథులు నోరు, గొంతు, ముఖం, తలచర్మాల నుండి వచ్చే శోషరసాన్ని వడగట్టే చిన్న గ్రంథులు. వీటిని లింఫు గ్రంథులు అని కూడా అంటారు. నోటి, గొంతు కాన్సర్లు సాధారణంగా మొదట వ్యాపించేది వీటికే.

శోషరస మార్గాలు

పెదవి, నాలుక కొన, నోటి అడుగుభాగాల శోషరసం గడ్డం, దవడల కింది గ్రంథులకు చేరుతుంది. నాలుక వెనుకభాగం, టాన్సిళ్ళు, స్వరపేటికల నుండి వచ్చేది లోపలి కంఠసిర వెంబడి ఉన్న గ్రంథులకు పోతుంది. నాలుక మధ్యరేఖను చేరిన కణితి మెడకు రెండువైపులా వ్యాపించవచ్చును.

కారణాలు, లక్షణాలు

పొగాకు, వక్క, మద్యం ముఖ్య కారణాలు. ఉత్తర కోస్తాంధ్రలో చుట్ట నిప్పుకొసను నోటిలో ఉంచుకొని పీల్చే అడ్డపొగ అలవాటు అంగిలి కాన్సరుకు దారితీస్తుంది. మూడు వారాలకూ మానని నోటిపుండు గాని, తగ్గని మెడగడ్డ గాని ఉంటే వైద్యునికి చూపించాలి. నొప్పి లేదని ఉపేక్షించరాదు.

చికిత్స

1906లో జార్జి క్రైల్ మెడ గ్రంథులను సమూలంగా తొలగించే శస్త్రచికిత్సను వివరించాడు. అందులో కంఠసిరను, భుజం కదలికకు అవసరమైన నాడిని కూడా తీసివేసేవారు. ఇప్పుడు వీలైనంతవరకు వాటిని కాపాడతారు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తొలిదశ నోటి కాన్సరు రోగులకు కణితితోబాటే మెడ గ్రంథులను తొలగించినపుడు మూడేళ్ళకు 80 శాతం మంది, గ్రంథులలో వ్యాధి కనిపించేవరకు ఆగినపుడు 67.5 శాతం మంది జీవించి ఉన్నారు.

శస్త్రచికిత్స, రేడియేషన్ తరువాత శోషరసం నిలిచి గడ్డం కింద వాపు రావచ్చును. శిక్షణ పొందినవారు చేసే తేలికపాటి మర్దన, మెడ వ్యాయామాలు దీనికి ఉపయోగపడతాయి.