మహా విషాదాల వేళ క్రైస్తవ విశ్వాసం ఇచ్చే ఆదరణ ఏమిటి?

1977 నవంబర్ 19, శనివారం. బంగాళాఖాతంలో ఏర్పడిన పెను తుపాను ఆంధ్ర తీరాన్ని తాకింది. కృష్ణా నది పాయల నడుమ ఉన్న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడింది. సుమారు ఐదు మీటర్ల ఎత్తున ఎగసిన కెరటాలు సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాలను ముంచెత్తాయి. పది వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మరునాడు ఆదివారం. క్రైస్తవ కుటుంబాలు ఆరాధనకు చేరవలసిన ఆ ఉదయం, ప్రాణాలతో మిగిలినవారు అయినవారి ఆచూకీ కోసం వెదుకులాటలో ఉన్నారు.

ఇటువంటి విషాదం దేశాన్ని కుదిపివేసిన ప్రతిసారీ విశ్వాసులను ఒక ప్రశ్న వేధిస్తుంది. దేవుడు దీనిని ఎందుకు జరగనిచ్చాడు? ఈ ప్రశ్నకు క్రైస్తవం సూటిగా సమాధానం చెబుతుందని చాలామంది భావిస్తారు. బైబిల్‌ను పరిశీలిస్తే అది సమాధానం కన్నా ముందు ఆదరణకు చోటిచ్చినట్లు కనిపిస్తుంది.

శిక్ష అనవచ్చునా?

విపత్తులో మరణించినవారు పాపఫలం అనుభవించారని చెప్పేవారు ప్రతి మతంలోనూ ఉంటారు. లూకా సువార్త 13వ అధ్యాయం ఈ వాదాన్ని ప్రస్తావిస్తుంది. యెరూషలేములో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయారు. వారు తక్కినవారికంటే ఎక్కువ దోషులని తలంచరాదని యేసు స్పష్టం చేశాడు. 2004 డిసెంబర్ 26న, క్రిస్మస్ మరునాడు, సునామీ వచ్చినప్పుడు తమిళనాడులోని వేలాంకణ్ణి తీరంలో మరణించినవారిలో యాత్రికులు ఎందరో ఉన్నారు. భక్తి గలవారిని విపత్తు తాకదన్న మాట అక్కడ నిలవలేదు.

యోబు గ్రంథం మరో పాఠం చెబుతుంది. బిడ్డలను, సంపదను పోగొట్టుకున్న యోబు వద్దకు వచ్చిన మిత్రులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మౌనంగా కూర్చున్నారు. ఆ తరువాత ఆయన కష్టానికి కారణాలు చెప్పసాగారు. గ్రంథం చివర దేవుడు తప్పుపట్టింది ఆ కారణాలనే, మౌనాన్ని కాదు.

దుఃఖించే హక్కు

విశ్వాసి ఏడవకూడదన్న అభిప్రాయం కూడా సరైనది కాదు. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనలలో దాదాపు మూడో వంతు విలాపాలేనని పండితులు చెబుతారు. వాటిలో ఫిర్యాదు ఉంది, కోపం ఉంది. లాజరు సమాధి వద్ద యేసు కన్నీరు విడిచాడని యోహాను సువార్త చెబుతుంది. తెలుగు క్రైస్తవులు మరణం సంభవించిన ఇంట జరుపుకొనే ప్రార్థనకు 'ఆదరణ కూడిక' అని పేరు. బంధువులు, సంఘస్థులు కలిసి కూర్చుంటారు, పాడతారు, పోయినవారిని తలచుకుంటారు. నవంబర్ 2న పలు ప్రాంతాల్లో 'సమాధుల పండుగ' జరుపుకొంటారు. సమాధులను శుభ్రపరచి, సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తారు.

దివిసీమలో ఎన్నో కుటుంబాలకు ఆ సమాధి కూడా దక్కలేదు. గుర్తించలేని మృతదేహాలకు సామూహిక అంత్యక్రియలు జరపవలసి వచ్చింది. కొందరి దేహాలు దొరకనే లేదు. క్రైస్తవ బోధ ప్రకారం పునరుత్థాన నిరీక్షణ సమాధిపై ఆధారపడదు. సముద్రం సైతం తనలోని మృతులను అప్పగిస్తుందని ప్రకటన గ్రంథం చెబుతుంది. కడలి తీసుకుపోయినవారి కుటుంబాలకు ఆ మాట కేవలం సిద్ధాంతం కాదు.

అన్నమా, మతమా?

ఆదరణకు సహాయం తోడు కాకుంటే అది వట్టి మాటగా మిగులుతుంది. సహాయానికి షరతు పెడితే అది ఆదరణ కాకుండా పోతుంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ చిక్కునే ఎదుర్కొన్నాడు. ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి కల్పించాడు. అన్నం కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. తిరిగి ప్రారంభించిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ మార్పుకు మూలం విశ్వాసమా, సామాజిక గౌరవం కోసం తపనా, కరువులో దొరికిన ఆసరాయా అన్న చర్చ చరిత్రకారులలో సాగుతూనే ఉంది. ఆపన్నుని నిస్సహాయతను అవకాశంగా తీసుకోరాదన్న జాగ్రత్త మాత్రం నేటికీ అవసరమే.

దివిసీమకు ఆసరా అనేక దిక్కుల నుంచి వచ్చింది. నాటి మంత్రి మండలి వెంకట కృష్ణారావు సహాయక చర్యలకు ముందు నిలిచారు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు సేకరించారు. మదర్ థెరిసా బాధితులను పరామర్శించారు. రామకృష్ణ మిషన్, క్రైస్తవ సేవా సంస్థలు, ఇతర స్వచ్ఛంద సంస్థలు గృహనిర్మాణానికి చేయూతనిచ్చాయి. ఆపదలో చేయి అందించినవారి మతం ఏమిటని బాధితులు అడగలేదు.

ఉప్పెన వచ్చిన 36వ రోజున క్రిస్మస్ వచ్చింది. అది కూడా ఆదివారమే. ఇంట్లో సగం మంది లేని కుటుంబాలకు ఆనాటి ఆరాధనలో దక్కే ఊరట జరిగినదానికి కారణం తెలియడం కాదు. తమవలెనే అయినవారిని కోల్పోయిన పొరుగువారు పక్కన కూర్చుని ఉండడం.