ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం (నేరము)

ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణకు ఉద్దేశపూర్వకంగా ఆటంకం కలిగించడం భారతదేశంలో శిక్షార్హమైన నేరము. పూర్వం హైదరాబాదు రాజ్యంలో ఉన్న నిజామాబాదు, బోధన్ ప్రాంతాలకు భారతీయ శిక్షాస్మృతి 1951 ఏప్రిల్ 1 నుండి వర్తించింది. దాని ప్రకారం ఆటంకానికి (186వ సెక్షను) మూడు నెలల వరకు జైలు లేదా 500 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, విధులను అడ్డుకొనుటకు చేసే దాడి లేదా బలప్రయోగానికి (353వ సెక్షను) రెండేళ్ళ వరకు జైలు ఉండేవి.

2018లో మహారాష్ట్ర ఈ రెండేళ్ళను ఐదేళ్ళకు పెంచింది. దానితో బోధన్ సమీపంలోని సాలూర వద్ద మంజీరా నదికి ఇవతల రెండేళ్ళు, అవతల ఐదేళ్ళు అయినది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దాడికి రెండేళ్ళనే నిర్దేశించి (132వ సెక్షను), ఆటంకానికి జరిమానాను మాత్రం 2,500 రూపాయలకు పెంచింది (221వ సెక్షను). ఆటంకం కేసును న్యాయస్థానం స్వీకరించాలంటే ఆ ఉద్యోగి గాని, పై అధికారి గాని వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కావున ధర్నాకు దిగే చెరకు రైతుకు ఆటంకానికీ, బలప్రయోగానికీ గల భేదం ముఖ్యమైనది.