ప్యాడ్లు మార్చినా ఆగని కీచు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మా బావగారి కారు వీధిలోనే ఉండిపోయింది. చక్రాలు మునిగి, రోజుల తరబడి బురదనీళ్లలో నిలబడింది. నీళ్లు తీశాక ఇంజనాయిలు మార్పించారు, సీట్లు ఊడదీసి ఎండబెట్టారు. బండి కదిలింది. బ్రేకులు పడుతూనే ఉన్నాయి కాబట్టి వాటి జోలికి ఎవరూ పోలేదు. సంక్రాంతి నాటికి బెంజిసర్కిల్ దగ్గర సిగ్నల్ పడి నెమ్మదిగా ఆపుతుంటే పక్క ఆటోవాడు తిరిగి చూసేంత కీచు.

ఆ ఏడాదిలో కారు మూడుసార్లు షెడ్డుకెళ్లింది. మొదటిసారి ముందు చక్రాల ప్యాడ్లు మార్చారు. నెలన్నర హాయిగా ఉంది. రెండోసారి మళ్లీ కొత్త ప్యాడ్లు, దాంతోపాటు డిస్కులు లేతు మీద తిప్పించారు. అది రెండు నెలలు. మూడోసారి ‘పిన్నులు పట్టేశాయండీ, గ్రీజు పెట్టాం’ అన్నారు. మూడు నెలలకి మళ్లీ మొదటికొచ్చింది. ఇక దిష్టి తీయించాలేమో అన్నారు మా అక్కయ్య, సగం నవ్వుతూ.

ప్రతిసారీ కొన్నాళ్లు ఆగి, తర్వాత రావడం. అసలు ఆధారం అక్కడే ఉంది. అది అర్థం కావాలంటే బ్రేకు ఎందుకు కూస్తుందో ముందు చూడాలి.

వయొలిన్ మీద కమాను లాగినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. కమాను తీగను పట్టుకుని కొంచెం లాగుతుంది, తీగ జారిపోతుంది, మళ్లీ పట్టుబడుతుంది. ఈ పట్టూ జారుడూ సెకనుకు వందలసార్లు జరిగితే మనకు స్వరం వినిపిస్తుంది. బ్రేకులో ప్యాడు కమాను, డిస్కు తీగ. డిస్కు పోత ఇనుప పళ్లెం కాబట్టి గంటలా మోగే గుణం దానికి ఎటూ ఉంది. సెకనుకు వెయ్యి దాటి, ఒక్కోసారి పదివేలకు పైగా కంపిస్తే చెవులు చిల్లులు పడే కీచు పుడుతుంది. ఈ కంపనం ఎంతో కొంత ప్రతి బ్రేకులోనూ ఉంటుంది. ప్యాడు వెనక అతికించిన పలచని రేకు, ప్యాడును కదలకుండా పట్టే స్ప్రింగు క్లిప్పులు, సరైన చోట పూసిన గ్రీజు దాన్ని పుట్టినచోటే చంపేస్తాయి. ఇవి పనిచేయకపోతే ఎంత ఖరీదైన ప్యాడైనా పాట అందుకుంటుంది.

ఈ గోల కొత్తదేం కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నది 1902లో. రాగి ప్యాడ్లు డిస్కును పట్టుకుంటే వచ్చిన చప్పుడు భరించలేనంత ఉండేదట. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ పొరతో దాన్ని తగ్గించాడు. ఆ ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులను తినేస్తుందని లోకానికి తెలిసేసరికి చాలా కాలం పట్టింది. ఇప్పటికీ పాత బండి డ్రమ్ము బ్రేకు విప్పి ఎయిర్ పైపుతో దుమ్ము ఊదే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె గుబేలుమంటుంది. తడిపి తుడవాలి దాన్ని.

నాలుగోసారి కారును ఆటోనగర్‌లో, లారీల మీద చెయ్యి తిరిగిన ఓ పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ప్యాడ్లు కొంటారా అని అడగలేదు. కారు తెచ్చిన వెంటనే, బ్రేకు గట్టిగా తొక్కకుండా ఓ నాలుగు కిలోమీటర్లు తిప్పుకు రమ్మన్నాడు. రాగానే ఒక్కో చక్రం దగ్గర అరచేయి ఆనించకుండా చాపి చూశాడు. ఎడమ ముందు చక్రం దగ్గర వేడి మిగతావాటికంటే ఎక్కువ. ఆ చక్రం విప్పి, రెండు ప్యాడ్లూ తీసి, పాత పేపరు పరిచి దాని మీద పక్కపక్కన పెట్టాడు. లోపలివైపుది బయటిదాంట్లో సగం మందం కూడా లేదు. పైగా ఒక చివర అరిగి, రెండో చివర మందంగా, తలుపు కింద పెట్టే చెక్కముక్కలా ఉంది. ‘జబ్బు ఇక్కడ రాసుంది కదండీ, ఇంకెక్కడ వెతుకుతారు?’ అన్నాడు.

అదేమిటో చెబుతాను. మన మామూలు కార్లలో బ్రేకు పట్టే క్యాలిపర్‌కు ఒకవైపే పిస్టన్ ఉంటుంది. పెడల్ తొక్కితే పిస్టన్ లోపలి ప్యాడును డిస్కుకి నొక్కుతుంది. ఆ తోపుడుకు క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడును అవతలి నుంచి లాక్కొస్తుంది. అంటే రెండు ప్యాడ్లూ సమంగా పట్టాలంటే పిన్నులు సాఫీగా జారాలి. ఒక పిన్ను పట్టేస్తే క్యాలిపర్ వంకరగా కూర్చుంటుంది, ప్యాడు ఒక అంచుతో రాసుకుంటుంది, ఏటవాలుగా అరుగుతుంది. సరిగ్గా వదలదు కాబట్టి వేడెక్కుతుంది. వంకర ప్యాడుకు కంపించడం మరీ తేలిక. కొత్త ప్యాడ్లు వేస్తే చదునుగా ఉంటాయి కాబట్టి కొన్నాళ్లు నోరెత్తవు. వంకరగా అరిగాక మళ్లీ కూస్తాయి. మొదటి రిపేరు నెలన్నరే నిలిచింది అందుకే.

వరదనీరు పిన్నుల మీది రబ్బరు తొడుగు చిరుగులోంచి దూరి తుప్పు పట్టించింది. మూడోసారి షెడ్డువాళ్లు దీన్ని కనిపెట్టారు కూడా. కానీ పెట్టింది మామూలు బేరింగు గ్రీజు. చాలా కార్లలో ఆ రెండు పిన్నుల్లో ఒకదాని కొసన చిన్న రబ్బరు బుష్ ఉంటుంది. పెట్రోలియం గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన బుష్ పిన్నును మళ్లీ బిగిస్తుంది. రోగానికి వేసిన మందే రోగమైంది! అక్కడ రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజు వాడాలి. పైగా ఆ రెండు పిన్నులూ ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదు. ఎడ్లబండి కాలం నుంచీ ఇరుసుకు కందెన పెట్టడం మనవాళ్లకు తెలుసు. అయితే బ్రేకులో కందెన పిన్నుకు పెట్టాలి, ప్యాడు వెనక రేకుకు తగలాలి, డిస్కు దరిదాపులకు మాత్రం పోకూడదు. ఒక్క చుక్క ప్యాడు ముఖానికి అంటితే ఆ ప్యాడు పారేయాల్సిందే.

రెండో రిపేరు మాటేమిటి? డిస్కు తిప్పించడం తప్పు కాదు, దాన్ని బిగించే హబ్బు ముఖాన్ని శుభ్రం చేయకపోవడం తప్పు. హబ్బు మీద తుప్పు పొర ఉంటే, ఎంత చదునైన డిస్కయినా బిగించాక ఊగుతుంది. ఆ ఊగు 0.05 మిల్లీమీటరు దాటకూడదని చాలా కంపెనీల లెక్క. అంటే మన తలవెంట్రుక మందం కంటే తక్కువ. అంతకంటే ఊగితే తిరిగే ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడు తాకుతూ, కొన్ని వేల కిలోమీటర్లకు డిస్కు మందంలో ఎగుడుదిగుడు పుట్టిస్తుంది. అప్పుడు పెడల్ కాలికింద కొట్టుకుంటుంది. ఆటోనగర్‌లో ఒక సందులో లేతులు, ఒక సందులో స్ప్రింగు పట్టీలు, ఇంకో సందులో బాడీలు. పనితనానికి అది వరమే. కానీ డిస్కు తిప్పినవాడు హబ్బును చూడడు, ప్యాడు వేసినవాడు లేతును చూడడు. మధ్యలో ఉన్నది ఎవరి పనీ కాదు. డిస్కు మీదే కనీస మందం అంకె వేసి ఉంటుంది. దానికంటే పలచబడితే లేతు మాట మర్చిపోయి కొత్తది కొనుక్కోవాలి.

ప్రతి చప్పుడూ ఇదే జబ్బు కాదు లెండి. రాత్రి వాన కురిసి తెల్లారాక, లేదా బందరు వైపు ఉప్పుగాలికి బండి రెండు రోజులు ఆగితే, డిస్కు మీద ఎర్రటి తుప్పు పొర పడుతుంది. నాలుగైదు బ్రేకుల్లో గరగరలాడి పోతుంది. దమ్ములప్పుడు ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలిన మట్టిలోని చిన్న రాయి డిస్కుకీ దాని వెనక ఉండే దుమ్ము అడ్డురేకుకీ మధ్య ఇరుక్కుంటే బ్రేకు తొక్కకుండానే గీరుతుంది. స్పీడ్ బ్రేకర్ల మీద టకటక అంటే క్లిప్పులు వదులైనట్టు. ఇనుము ఇనుమును కోస్తున్నట్టు తొక్కినప్పుడల్లా గరగర వస్తే మాత్రం ప్యాడు పూర్తిగా అరిగింది, ఆ బండిని ఇక నడపొద్దు.

ఈసారి షెడ్డుకెళ్తే పాత ప్యాడ్లు అడిగి తీసుకోండి, నాలుగూ, ఏ చక్రానిదో రాసి మరీ. పిన్నులు విప్పారా, క్లిప్పులు మార్చారా, హబ్బు గీకారా అని అడగండి. మేస్త్రీకి కోపం వస్తే రానివ్వండి. కొత్త ప్యాడ్లు వేసుకున్నాక ఖాళీ రోడ్డు చూసుకుని, యాభై కిలోమీటర్ల వేగం నుంచి పదికి మెల్లగా తగ్గించడం ఓ పదిసార్లు చేయాలి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో డిస్కులు చల్లారనిస్తూ. వాటి ముఖాలు కలవడానికి ఆ పెళ్లిచూపులు తప్పవు.

మా బావగారి కారుకి చివరికి పట్టింది రెండు పిన్నులు, రబ్బరు తొడుగులు, క్లిప్పులు, ఒక జత ప్యాడ్లు, హబ్బు గీకడానికి అరగంట. ఏడాది దాటింది. వాన వెలిసిన పొద్దున గేటు దాటేలోపు ఇప్పటికీ ఓ గరగర వినిపిస్తుంది. బావగారు ఆగరు, అద్దం కూడా దించరు. మలుపు తిరిగేలోపు అదే పోతుంది.