వరిమడిలో రెండు లోకములు

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి గోదావరి డెల్టా వరిమడులు కాలువ నీటితో నిండుచున్నవి. దమ్ము చేసిన మడిలో నీరు నిలిచిన కొద్ది దినములకే కంటికి కానరాని మార్పు యొకటి మొదలగును. ప్రాణవాయువు గాలిలోకంటె నీటిలో దాదాపు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. అందుచే బురద పైపొరలో కొన్ని మిల్లీమీటర్ల లోతువరకే అది అందును. క్రిందనున్న కొంచెమును సూక్ష్మజీవులు త్వరలోనే వాడివేయును. బురదను నిలువుగా కోసి చూచినచో పైన పలుచని గోధుమవన్నె పొరయు, క్రింద బూడిదవన్నె పొరయు కనబడును. అదియే రెండు లోకముల పొలిమేర.

ప్రాణవాయువు లేనిదే ప్రాణము నిలువదని లోకము చిరకాలము నమ్మినది. 1861లో లూయీ పాశ్చర్, పాసిపోయిన వెన్నకు కంపునిచ్చు ఆమ్లమును పుట్టించు బాక్టీరియాను పరిశీలించుచు, గాలి తగిలినంతనే అవి చలనము మానుటను గమనించెను. కొన్ని బాక్టీరియాలకు ప్రాణవాయువు ఊపిరి, కొన్నిటికి విషము. కొన్నిటికి అది స్వల్పముగా మాత్రమే కావలెను. మరికొన్ని ఉన్నప్పుడు దానిని వాడుకొని, లేనప్పుడు వేరు దారి చూచుకొనును. కణములో ప్రాణవాయువునుండి హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి హానికర పదార్థములు పుట్టును. వాటిని విరుగగొట్టు ఎంజైములు చాలినంతగా లేని జీవులు గాలిలో బ్రదుకజాలవు.

ఈ భేదము రైతు ఖర్చుకు సంబంధించినది. యూరియానుండి వచ్చిన అమ్మోనియాను పైపొరలోని బాక్టీరియాలు నైట్రేటుగా మార్చును. అది నీటితో క్రిందికి దిగగా, అచ్చట గాలి కరవైన బాక్టీరియాలు నైట్రేటులోని ప్రాణవాయువును లాగుకొని జీవించును. నత్రజని వాయువై ఎగిరిపోవును. వెలపెట్టి కొన్న ఎరువులో కొంత ఈ విధముగా గాలిపాలగుచున్నది. నిలునీటిపై చల్లక, నీరు తీసి బురదలో కలిపినచో ఈ నష్టము తగ్గును.

ఇంకను లోతున, బాక్టీరియాను పోలియు వేరు తెగకు చెందిన ఆర్కియా అను జీవులు మిథేన్ వాయువును తయారుచేయును. మడిలో అడుగిడినపుడు పైకి లేచు బుడగలలో అది యుండును. వరిమొక్క మాత్రము తన కాండములోని సన్నని గాలిదారులద్వారా వేళ్లకు ప్రాణవాయువును పంపుకొనును. పెరికిన మొక్క వేళ్లపై కనబడు తుప్పురంగు పూతయే దానికి సాక్ష్యము.

మిథేన్ భూమిని వేడెక్కించు వాయువు. మడిని నడుమనడుమ ఆరనిచ్చినచో అది తగ్గును. కాని మాటిమాటికి ఆరబెట్టి తడిపినచో నైట్రేటు నష్టము పెరుగవచ్చును. గాలిని బురదలోనికి రానిచ్చుట ఒక జీవికి మేలు, వేరొకదానికి చేటు. ఎప్పుడు నీరు తీయవలెను, ఎప్పుడు ఎరువు వేయవలెను అను రెండు ప్రశ్నలను కలిపి ఆలోచించినప్పుడే రైతుకు గిట్టుబాటు.

విద్యార్థులు ఒక గాజుసీసాలో మడిబురదను, కొంచెము ఎండుగడ్డిని వేసి, పైన నీరు పోసి కొన్ని వారములు నీడలో నుంచినచో ఆ పొలిమేరను తామే చూడవచ్చును.