మామిడి సొమ్ము బ్యాంకులో వేస్తే పింఛను ఆగుతుందా?

నూజివీడు చుట్టుపక్కల తోటల్లో డబ్బు నెలనెలా రాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాయ కోతకొస్తుంది. కొందరు పూత మీదే తోటను వ్యాపారికి అమ్మి బయానా తీసుకుంటారు. ఎలా అమ్మినా, ఏడాది రాబడి ఒకటి రెండు విడతల్లో చేతికొస్తుంది. ఇంట్లో వృద్ధాప్య పింఛను తీసుకునే పెద్దవాళ్లుంటే అప్పుడే ఒక సందేహం పుడుతుంది. ఇంత సొమ్ము ఖాతాలో కనిపిస్తే పింఛను ఆపేస్తారేమో? ఆ భయంతోనే నగదును బీరువాలో దాచుకునేవాళ్లూ, నోటి మాట మీద వడ్డీకిచ్చేవాళ్లూ ఉంటారు.

పింఛను మొత్తం పెరిగేకొద్దీ అది పోతుందన్న బెంగ కూడా పెరగడం సహజమే. 2014 అక్టోబరుకు ముందు వృద్ధాప్య పింఛను నెలకు 200 రూపాయలు. ఆ తర్వాత 1,000 అయింది. 2024 జనవరి నాటికి 3,000కు చేరింది. 2024 జులై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా పేరుతో 4,000 ఇస్తున్నారు. అంటే ఏడాదికి 48,000. చిన్న తోట ఉన్న ఇంటికి కాపు రాని ఏడాది ఇదే ఆధారం.

ముందుగా తేలాల్సిన విషయం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ పథకాల అర్హత నిబంధనల్లో బ్యాంకు నిల్వకు హద్దు లేదు. ఖాతాలో ఎంత ఉందో చెప్పమని ఎవరూ అడగరు. డ్వాక్రా సంఘంలో నెలనెలా కట్టే పొదుపు కూడా లెక్కలోకి రాదు.

ఇది అన్ని దేశాల్లో ఇలా ఉండదు. బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే సాయం ఉంది. అక్కడ పొదుపు 6,000 పౌండ్ల దాకా ఉంటే పట్టించుకోరు. ఆపైన ప్రతి 250 పౌండ్లకు నెలకు 4.35 పౌండ్ల ఆదాయం వస్తున్నట్టు లెక్కగట్టి, అంత మేర సాయం తగ్గిస్తారు. 16,000 దాటితే మొత్తం ఆపేస్తారు. పొదుపులో మార్పు వస్తే తీసుకునేవాళ్లే వెంటనే చెప్పాలి. చెప్పకపోతే ఎక్కువగా అందిన సొమ్ము వెనక్కి కట్టిస్తారు. అమెరికాలో పేద వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే ఎస్ఎస్ఐ సాయానికి హద్దు మరీ చిన్నది. ఒంటరి మనిషికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000. 1989 నుంచి ఆ అంకె మారలేదు. ఇన్నేళ్లలో ధరలు ఎంత పెరిగినా, ఆపదకు నాలుగు డబ్బులు దాచుకోవడం అక్కడి పేదవాడికి ప్రమాదమే. ఈ ఒక్క విషయంలో మన పద్ధతి మేలని నేను నమ్ముతాను.

మరి మన దగ్గర దేన్ని చూస్తారు? సచివాలయ సిబ్బంది సిక్స్ స్టెప్ వాలిడేషన్ అంటారు. అంటే అంచెలంచెల వడపోత. కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 మించకూడదు. భూమి మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాల లోపు ఉండాలి. ఇంటి కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ట్రాక్టరుకు, టాక్సీకి, ఆటోకు మినహాయింపు ఉంది. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గాని, ఆదాయపు పన్ను కట్టేవారు గాని ఉండకూడదు. పారిశుధ్య కార్మికులకు ఇందులో మినహాయింపు ఇచ్చారు. పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు మించిన ఇల్లు ఉండకూడదు. నూజివీడు పురపాలక పరిధిలో ఉన్నవారికి ఈ చివరి నిబంధన వర్తిస్తుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి పల్లెల వారికి వర్తించదు.

ఈ అంచెలన్నీ దాదాపు ఎక్కడో ఒకచోట నమోదయ్యేవే. భూమి రెవెన్యూ రికార్డులో ఉంటుంది. బండి రవాణా శాఖ దగ్గర, మీటరు కరెంటు సంస్థ దగ్గర, పన్ను వివరం పాన్ నంబరు కింద ఉంటాయి. వీటన్నిటినీ ఆధార్ కలుపుతుంది. అందుకే ఇక్కడ మార్పును మనం చెప్పకముందే యంత్రానికి తెలుస్తుంది. తప్పు రికార్డును కూడా అది అంతే నమ్మకంగా తీసుకుంటుంది. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది.

పొదుపు ఖాతాలో ఉన్నంత కాలం పింఛనుకు అడ్డు రాదు. అది రూపం మార్చుకున్నప్పుడు అడ్డొస్తుంది. మామిడి డబ్బుతో కొడుకు పాత కారు కొన్నాడనుకుందాం. తల్లిదండ్రులు కూడా అదే కుటుంబం కింద నమోదై ఉంటే, ఆ కారు వాళ్ల పింఛనుకు, బడిపిల్లల తల్లిగా కోడలికి రావాల్సిన తల్లికి వందనం సాయానికి కూడా తగులుతుంది. రెండేళ్లకు ఆ కారు అమ్మేసినా ఆర్సీ పేరు మారకపోతే రికార్డులో బండి ఇంకా వీళ్లదే. భూమి సంగతీ అంతే. అన్నదమ్ములు గట్టు వేసుకుని పంచుకున్నా, రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ (రికార్డులో పేరు మార్పు) జరగకపోతే మొత్తం తండ్రి పేరునే కనిపిస్తుంది. తోట భూమి మెట్టగా నమోదైందా, మాగాణిగా నమోదైందా అన్నది కూడా చూసుకోవాలి. నాలుగెకరాల తోట మెట్ట అయితే అర్హత ఉంటుంది. పొరపాటున మాగాణి అని పడితే ఉండదు.

ఆదాయం సంగతి కొంచెం నిదానంగా చూడాలి. నిబంధన నెల లెక్కన ఉంది. తోట ఏడాదికోసారి ఇస్తుంది, అదీ ప్రతి ఏడాదీ ఒకేలా ఇవ్వదు. బంగినపల్లి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు చెట్టు విశ్రాంతి తీసుకుంటుంది. నెలకు 10,000 అంటే ఏడాదికి 1,20,000. కాపు ఏడాది ఈ హద్దు దాటిన ఇల్లు, కాపు లేని ఏడాది దాని దరిదాపులకు కూడా రాకపోవచ్చు. రెండేళ్లనూ కలిపే గొలుసే పొదుపు. కాబట్టి మామిడి రైతు ఖాతాలో జూన్ నెలాఖరున కనిపించే అంకె అతని సంపద కాదు, వచ్చే ఏడాది తిండిగింజలు. నిబంధనలు రాసేవాళ్లు తోట పంటలకు మూడేళ్ల సగటు తీసుకుంటే న్యాయంగా ఉంటుంది.

పొదుపు మీద వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే. 5 లక్షలు 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 35,000, నెలకు మూడు వేల లోపు. ఆదాయం చెప్పాల్సి వచ్చినప్పుడు ఇది కూడా కలిపి చెప్పడం సరైన పని.

పన్ను దగ్గర భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. సొంత తోట కాయ అమ్మినా, తోటను కౌలుకిచ్చినా అది వ్యవసాయ ఆదాయమే. పూత మీద తోట కొని, కాయ కోసి అమ్ముకునే వ్యాపారికి వచ్చే లాభం మాత్రం వ్యవసాయ ఆదాయం కాదు. అదే ఊళ్లో అదే కాయ మీద ఒకరికి పన్ను లేదు, మరొకరికి ఉంటుంది. చిన్న వ్యాపారుల ఇళ్లలో పింఛను ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

బ్యాంకు వడ్డీ మీద టీడీఎస్ (ముందుగానే కోసుకునే పన్ను) 2025 ఏప్రిల్ నుంచి 60 ఏళ్లు దాటినవారికి ఏడాదికి లక్ష రూపాయల వడ్డీ మించితేనే ఉంది. మిగతావారికి ఆ హద్దు 50,000. ఏడు శాతం లెక్కన లక్ష వడ్డీ రావాలంటే ఒక బ్యాంకులో 14 లక్షల పైనే ఉండాలి. అంత ఉన్నా, పన్ను పడేంత ఆదాయం లేదని రాసిచ్చే ఫారం ఉంది. ఇన్నాళ్లూ 15జి, 15హెచ్ అని పిలిచినవి అవే. ఏడాది మొదట్లోనే ఇస్తే కోత ఉండదు. ఒక ఏడాదిలో పొదుపు ఖాతాల్లో 10 లక్షలు, ఆపైన నగదు జమ అయితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తుంది. తెలియజేసినంత మాత్రాన పన్ను పడదు. కాయ అమ్మిన కాటా చీటీలు, వ్యాపారితో రాసుకున్న కాగితం, పట్టాదారు పాసుపుస్తకం చూపిస్తే సరిపోతుంది. అందుకే ఆ చీటీలు పారేయకూడదు.

చెప్పాల్సిన మార్పును దాచమని ఎవరికీ సలహా ఇవ్వను. కారు నిజంగా ఉంటే, కొడుక్కి ప్రభుత్వ ఉద్యోగం నిజంగా వచ్చి అందరూ ఒకే ఇంట్లో ఉంటే, ఆ పింఛను మరొకరికి వెళ్లాల్సిందే. కానీ మన పద్ధతిలో పెద్ద లోటు ఒకటుంది. బ్రిటన్‌లో మనిషి ముందు చెబుతాడు, అధికారి తర్వాత తేలుస్తాడు. ఇక్కడ ముందు రికార్డు తేలుస్తుంది, మనిషి తర్వాత కాగితాలు పట్టుకుని తిరుగుతాడు. 70 ఏళ్ల ముసలమ్మ అమ్మేసిన కారు తమది కాదని నిరూపించుకోవాలి. నిరూపించే బరువు ఆమె మీద కాదు, రికార్డు నడిపేవారి మీద ఉండాలి. ఆపే ముందు కారణం తెలుగులో రాసిచ్చి, కాగితాలు తెచ్చుకోవడానికి గడువిస్తే సగం గొడవ తీరుతుంది.

అప్పటిదాకా చేయగలిగింది ఉంది. కారు అమ్మిన వారమే ఆర్సీ పేరు మార్పించాలి. భూమి పంచుకున్నాక మ్యుటేషన్ అయిందో లేదో రెవెన్యూ వారి 1బీ రికార్డులో చూసుకోవాలి. ఇంటి మీటరుకు ఎవరి ఆధార్ జతయిందో కనుక్కోవాలి. ఏదైనా తేడా కనిపిస్తే పింఛను ఆగకముందే సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంట్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి. అక్కడ పని కాకపోతే సోమవారం జరిగే పీజీఆర్ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక)లో అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీకి సచివాలయం రసీదు నకలు జత చేయాలి.