‘ధర్మసాగర్’ మధ్యలో ప్రశ్నార్థకాలెందుకు?

ధర్మసాగర్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ప్రశ్న పంపాడు. యూట్యూబ్ ఛానెళ్లలో కొత్త వీడియో పడిందో లేదో చెప్పే చిన్న కోడ్ లైబ్రరీ ఒకటి వాడుతున్నాడట. ఇంగ్లిష్ శీర్షికలకు ఏ ఇబ్బందీ లేదు. తెలుగువాటిలో మాత్రం అప్పుడప్పుడు ఒక అక్షరం పోయి, నల్లటి డైమండులో ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. పైగా పొద్దున బాగున్న శీర్షికే సాయంత్రానికి పాడవుతోంది. ఇలాంటి ప్రశ్న చేతికందితే నాకిక వేరే పని సాగదు.

నేపథ్యం గబగబా చెప్పేస్తాను. ప్రతి ఛానెల్‌కూ యూట్యూబ్ ఒక ఫీడ్ ఇస్తుంది. లంబాడిపల్లి ‘మై విలేజ్ షో’కైనా, నిన్న మొదలైన ఛానెల్‌కైనా పద్ధతి ఒకటే: తాజా 15 వీడియోల శీర్షికలు, తేదీలు, వ్యూస్ ఉన్న ఎక్స్ఎంఎల్ ఫైలు. దాన్ని తెచ్చి, విడదీసి, జాబితా చేసి ఇవ్వడమే లైబ్రరీ పని.

ఇక అసలు సంగతి. నెట్‌లో ప్రయాణించేవి అక్షరాలు కావు, బైట్లు; అంటే 0 నుంచి 255 దాకా ఉండే సంఖ్యలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగుకు మూడు కావాలి. ‘ధ’ అంటే 224, 176, 167. ‘ర’ అంటే 224, 176, 176. ఒత్తుకూ దీర్ఘానికీ విడిగా లెక్క ఉంటుంది కాబట్టి ‘ధర్మసాగర్’ మొత్తం 27 బైట్లు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్ బల్ల దగ్గర కూర్చుని ఈ యూటీఎఫ్-8ను రూపొందించారు. 224 ఇంజను లాంటిది: అది కనబడగానే వెనక రెండు పెట్టెలున్నాయని తెలిసిపోతుంది. ఆ పెట్టెలు ఎప్పుడూ 128, 191 మధ్యే ఉంటాయి. అందుకే ఒక అక్షరం చెడినా పక్కదానికి అంటదు.

అయితే ఫీడ్ ఒక్కసారిగా రాదు, ముక్కలుగా వస్తుంది. వచ్చిన ముక్కను వచ్చినట్టే అక్షరాలుగా మార్చేస్తే చిక్కు మొదలవుతుంది. తెలుగు పదంలో ముక్క తెగడానికి మూడు చోట్లుంటే, రెండు అక్షరం కడుపులోనే! డైమండ్లు లెక్కపెడితే ఎక్కడ తెగిందో కూడా చెప్పొచ్చు: ఇప్పటి ప్రోగ్రాముల్లో ఎక్కువగా మొదటి బైటు తర్వాత తెగితే మూడు, రెండో బైటు తర్వాతైతే రెండు.

మరి పొద్దున లేనిది సాయంత్రం ఎందుకు? దోషం వ్యూస్‌ది. పై వీడియో 9,999 నుంచి 10,000కు చేరిందనుకోండి. ఒక అంకె పెరిగింది, దాని కిందున్నదంతా ఒక బైటు జరిగింది. అప్పటిదాకా రెండక్షరాల సందులో పడ్డ కోత ఇప్పుడు ‘ర’ మధ్యలో పడుతుంది. ఒకరి వీడియో హిట్టయితే ఇంకో వీడియో పేరు చెడడమన్నమాట!

దీన్ని చాలామంది ఫాంటు సమస్య అంటారు. పత్రికకో సొంత ఫాంటున్న రోజుల్లో ఆ మాట చెల్లింది. ఇప్పుడు ఫాంటు మార్చినా డైమండు రూపమే మారుతుంది, అక్షరం తిరిగి రాదు. ఇంగ్లిష్ శీర్షికలతో మాత్రమే పరీక్షించి పంపించే లైబ్రరీ రచయితలకు ఈ తప్పు కనబడే అవకాశమే లేదు.

మందు సులువే. ముక్క చివర మిగిలిన ఒకటి రెండు బైట్లను దాచి తర్వాతి ముక్కకు కలపాలి. ఇంకా మేలు, బైట్లను ముట్టుకోకుండా నేరుగా ఎక్స్ఎంఎల్‌ను విడదీసే పార్సర్‌కే అప్పగించాలి. సరిచేశాక ‘ధర్మసాగర్’ 27 బైట్లనూ ఒక్కొక్కటిగా పంపి పరీక్షించమని ఆ విద్యార్థికి రాశాను. రోజుకు ఇరవై వీడియోలు పెట్టే వార్తా ఛానెళ్లను రోజుకొక్కసారి చూస్తే మాత్రం ఐదు ఎలాగూ జారిపోతాయి. ఆ 15 పరిమితి యూట్యూబ్‌ది, దానికి ఏ లైబ్రరీ దగ్గరా మందు లేదు.